వాపస్ రాని సరుకు

ల్యాప్‌టాప్‌ల గురించి తనకు తెలిసినంత దుబాయ్ మొత్తంలో ఇంకెవరికీ తెలియదని దేవేందర్ నమ్మకం. లేబర్ క్యాంపు గదిలో తక్కిన ఏడుగురూ ఆ మాట కాదనేవారు కాదు. వాళ్ళలో ల్యాప్‌టాప్ ముట్టుకున్నవాడే లేడు, ఇంక కాదనడానికి నోరెలా వస్తుంది? అయితే ఒక చిన్న సంగతి, మనలో మనమాట. తొమ్మిదేళ్ళలో కొన్ని వేల ల్యాప్‌టాప్‌లు ఎత్తి దించాడు గానీ, దేవేందర్ ఒక్కదాన్ని కూడా ఆన్ చేసి ఎరగడు.

దుబాయ్ వచ్చి పదకొండేళ్ళు, అందులో తొమ్మిదేళ్ళుగా అతని పని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, ఒక పెద్ద గోదాములో. దుకాణాల్లో జనం కొనుక్కుని, నచ్చకో చెడిపోయో తిరిగి ఇచ్చేసిన ఎలక్ట్రానిక్ సామానంతా అక్కడికి చేరుతుంది. రిటర్న్స్ సెక్షన్ అంటారు. అందులో మొదటి బల్ల దేవేందర్‌ది. డబ్బా శుభ్రంగా ఉందా, డబ్బా మీది నంబరూ సామాను మీది నంబరూ ఒకటేనా, వైరూ పుస్తకమూ లోపల ఉన్నాయా అని చూసి ముద్ర కొట్టాలి. బాగుంటే పచ్చ ముద్ర, బాగాలేకపోతే ఎర్ర ముద్ర. ఎర్రది పడిందంటే ఆ సరుకు వచ్చిన దుకాణానికే పోతుంది, నష్టం వాళ్ళ నెత్తిన పడుతుంది. ఈ రెంటి మధ్యా పసుపు ముద్ర ఒకటుంది. డబ్బా కాస్త పాడైనా లోపలి సరుకు బాగుంటే రెండో రకం కింద తీసుకోవచ్చని దానర్థం. దేవేందర్ దాన్ని ఏనాడూ వాడలేదు. "సక్కగున్నదా, లేదా? నడిమిట్ల ఇంకేంది?" అంటాడు. డబ్బా మీద పెన్ను గీత కనబడినా దడాలున ఎర్ర ముద్రే. అందుకే ముదీర్‌కి, అంటే మేనేజరుకి, అతనంటే గురి, దుకాణాలవాళ్ళకి కడుపుమంట.

అట్లాంటి మనిషికి ఆగస్టులో కూతురి దగ్గర్నుంచి ఒక మాట వచ్చింది. కూతురి పేరు మాలతి. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చి, హాస్టల్లో చేరి పది రోజులైంది. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపింది.

"బాపూ, తిన్నవా? ల్యాప్‌టాప్ ముచ్చట. కాలేజీ పనికీ, గేమ్స్‌కీ రెండిటికీ పనికొచ్చేది చూడు. గ్రాఫిక్స్ కార్డు వేరేగ ఉండాలె, లేకుంటె గేమ్స్ నడవయి. పేరు రాసి పంపుతున్న. దొరకకుంటె పర్వాలేదు."

దేవేందర్ ఆ మాటను ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. గేమ్స్ అన్నచోట ప్రతిసారీ ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. కరోనా ఏడాది బడి మూసినప్పుడు ఈ పిల్ల తల్లి ఫోన్ పట్టుకుని ఒకటే ఆట. అప్పుడు దేవేందర్ ఇక్కడి నుంచి ఒక్క అరుపు అరిచాడు. ఆ రోజుతో బంద్ చేసింది. అంత బుద్ధిమంతురాలు మళ్ళీ ఇప్పుడు ఆటంటున్నదేమిటి? చదువుకోవడానికి పంపితే ఈ ఎర్ర లైట్ల గోలేమిటి?

ఎర్ర లైట్లని ఎందుకన్నాడంటే, ఆమె రాసి పంపిన రకం అతనికి బాగా తెలుసు. నల్లగా, ఇటుకంత మందంగా ఉంటుంది. డబ్బా మీది బొమ్మలో కూడా మీటల కింద ఎర్రగా మండుతూ ఉంటుంది. రోజూ అతని బల్ల మీదికి వచ్చే ల్యాప్‌టాప్‌ల్లో సగం అవే. ఇన్ని వాపస్ వస్తున్నాయంటే అదెంత పనికిమాలిన సరుకో చెప్పడానికి ఇంజనీరింగ్ చదవాలా? అదే వెండి రంగులో, పలచగా, పలకలాగా ఉండే రకం ఒకటుంది. అది ఆరు నెలలకొకటి కూడా రాదు. సరుకంటే అది. నాలుగేళ్ళు కదలకుండా ఉండాల్సిన వస్తువు, అదొక్కటే కొనగలడు, మళ్ళీ మళ్ళీ కొనలేడు. తప్పు వస్తువు పంపితే పిల్ల చదువు కుంటుపడుతుంది. క్లాసులో ల్యాప్‌టాప్ లేనిది తానొక్కతేనని తల్లితో అన్నదట. తనతో అనలేదు గానీ తల్లితో అన్నదట.

పైగా టైము లేదు. గదిలో పక్క మంచం భూమేశ్ ఆదివారం ఊరికి పోతున్నాడు. మెట్‌పల్లి దగ్గర ఇద్దరివీ పక్కపక్క ఊళ్ళు. వాడి చేతికిస్తే సోమవారానికల్లా కరీంనగర్‌లో ఉంటుంది. వాడు దాటితే రెండు నెలల దాకా అటు పోయేవాడు క్యాంపులో ఇంకొకడు లేడు.

శుక్రవారం డ్యూటీ దిగి మెట్రో పట్టుకుని డేరా బజారులో ఒక దుకాణానికి పోయాడు. అమ్మే కుర్రాడి పేరు ఫర్దీన్, జేబు మీద రాసుంది. "చాచా, కాలేజీకా, గేమింగ్‌కా?" అని హిందీలో అడిగాడు. "కాలేజీకే" అన్నాడు దేవేందర్ గట్టిగా. "రెండిటికీ పనికొచ్చేవి ఉన్నాయి, చూపించనా?" అన్నాడు ఫర్దీన్. "నహీ, నహీ" అని దేవేందర్ వెండి పలకను చూపించి, డబ్బా నాలుగు వైపులా తిప్పి చూసి, మూలలు నొక్కి చూసి, కొనేశాడు. లోపలిది చూడమంటే అక్కర్లేదన్నాడు. ఫర్దీనే తెరిచి, నంబరు సరిచూపించి, ఫోటో తీసి పెట్టాడు. దేవేందర్ ఆ ఫోటో కూతురికి పంపి, నోటికొచ్చిన చిన్న అబద్ధం కూడా దానికి జోడించాడు.

"నువ్వు చెప్పినయి దుకాణంల అయిపోయినయట బిడ్డా. ఇది దానికంటె మంచిది."

నిమిషంలో జవాబొచ్చింది. "మంచిగున్నది బాపు." పక్కన రెండు ఎర్ర గుండెకాయలు. దేవేందర్‌కి ప్రాణం లేచొచ్చింది. అదీ పిల్లంటే! పదకొండేళ్ళుగా బట్టలు, బూట్లు, గడియారం, సెంటు సీసాలు, ఎన్ని పంపాడో. ఒక్కదానికి కూడా ఇంటి నుంచి వంక రాలేదు. తన పనిలో చెప్పాలంటే ఒక్క రిటర్న్ లేదు.

గదికి రాగానే భూమేశ్ మంచం దిగి వచ్చాడు. "అన్నా, డబ్బా తీసెయ్. కొత్త సామాను లెక్క కనబడితె హైదరాబాద్‌ల కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటరు. వాడిన దాని లెక్క చెయ్యాలె." నిజంగా పట్టుకుంటారా అంటే గదిలో ఎవరికీ తెలియదు. కానీ ముందున్నవాళ్ళు వెనకొచ్చినవాళ్ళకు చెప్పుకుంటూ వచ్చిన చట్టమది, దానికి తిరుగులేదు. డబ్బా పారెయ్యాలి, పైనున్న పలచటి కవరు పీకెయ్యాలి, మీటల పక్క స్టిక్కర్లు గోకెయ్యాలి. ఇంకా కావాలంటే మూత మీద హనుమంతుడి బొమ్మ అంటించాలి. హనుమంతుడి దగ్గర మాత్రం దేవేందర్ ఒప్పుకోలేదు. తక్కినవన్నీ తన చేత్తోనే చేశాడు. డబ్బా తలుపు దగ్గర పెట్టి, చేతులు దులుపుకుని, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా పడుకున్నాడు.

ఆ నిశ్చింత శనివారం పొద్దున పదకొండింటి దాకా ఉంది.

బల్ల మీదికి మళ్ళీ ఒక నల్ల ల్యాప్‌టాప్ వచ్చింది. డబ్బా శుభ్రంగా ఉంది. పచ్చ ముద్ర కొట్టి, పక్క బల్ల మీదికి తోస్తూ, "చూడు మాహిరా, మళ్ళొచ్చింది. ఖరాబ్ మాల్" అన్నాడు. పక్క బల్ల మాహిరాది. హైదరాబాద్ టోలీచౌకీ పిల్ల. సామాను ఆన్ చేసి, పనిచేస్తుందో లేదో పరీక్షించేది ఆమె. దేవేందర్ డబ్బా చూస్తాడు, మాహిరా లోపల చూస్తుంది, అదీ లెక్క.

"ఖరాబ్ ఎందుకైతది దేవన్నా? ఇవన్నీ ఫస్ట్‌క్లాస్ ఉంటయి. నా బల్ల మీద ఇవి ఫెయిల్ అయ్యేది పదింట్ల ఒకటి."

"మరి ఇన్ని ఎందుకు వాపస్ వస్తయి?"

మాహిరా అతని ముఖంలోకి విచిత్రంగా చూసింది. డబ్బా తిప్పి, దాని మీది చీటీలో అడుగున ఉన్న చిన్న గడి చూపించింది. అందులో నాలుగు అంకె వేసి, పక్కన ఇంగ్లీషులో ఏదో గిలికి ఉంది. దేవేందర్ ఆ గడి వైపు ఏనాడూ చూడలేదు. అది అతని పని కాదు.

"కారణం రాసే గడి. నాలుగంటే సామాను మంచిదే, మనసు మారింది అని. ఇగో, దీనికేం రాసిన్రు చూడు. తండ్రి వద్దన్నడు." ఆమె బల్ల కింద వరసగా పేర్చిన నల్ల డబ్బాలు ఒక్కొక్కటే తిప్పింది. "తండ్రి వద్దన్నడు. మార్కులు తక్కువొచ్చినయి. అమ్మ తిట్టింది. తండ్రి వద్దన్నడు. అరే, పిల్లలు కొనుక్కుంటరు, తండ్రులు పట్టుకొచ్చి వాపస్ ఇస్తరు. దాంట్ల ల్యాప్‌టాప్ తప్పేముంది?"

దేవేందర్ చేతిలోని ముద్ర పక్కన పెట్టాడు. "మరి వెండిది? అది రాదు గదా. మంచిది కాబట్టే గదా?"

"అవి కంపెనీలు కొంటయి అన్నా, వందలు వందలు. ఆఫీసుల కూసున్నోన్ని నీకు నచ్చిందా అని ఎవరడుగుతరు? ఇచ్చింది వాడాలె. మీ క్యాంపుల పప్పు ఎప్పుడన్న వాపస్ ఇచ్చినవా? మంచిగుంటదనా?"

క్యాంపు పప్పు సంగతి చెప్పడానికి ఈ కథ చాలదు. దేవేందర్ ఇంకొక్కటి అడిగాడు. "అండ్ల గేమ్స్ నడుస్తయా?"

"వెండి దాంట్లనా?" మాహిరా నవ్వేసింది. "పెడితే బొమ్మ కదలదు. ఇంజనీరింగ్ పిల్లలకు కూడా చాలదు, రెండో ఏడాది బొమ్మల సాఫ్ట్‌వేర్ వేస్తే గుంజుతది. ఎందుకడుగుతున్నవ్?"

దేవేందర్ తన బల్ల వైపు తిరిగాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా అతను ఏ డబ్బాకి ఏ ముద్ర కొట్టాడో అతనికే తెలియదు. తొమ్మిదేళ్ళు కళ్ళ ముందు పెట్టుకుని చూసిందంతా తలకిందులుగా చూశాడా? సరే, చూశాడనుకో. మార్చుకుంటే పోలా? దుకాణంవాడు పద్నాలుగు రోజుల దాకా మారుస్తానన్నాడు, బిల్లు మీద కూడా అదే రాసుంది. దాని కింద ఇంకో వరుస కూడా ఉంది. డబ్బాతో సహా తేవాలి.

డబ్బా!

డబ్బా లేని సరుకు ఎంత మంది తెచ్చినా, ఎంత బతిమాలినా, ఎర్ర ముద్ర కొట్టి వెనక్కి నెట్టినవాడు తానే. ఆ తానే నిన్న సాయంత్రం తన గోళ్ళతో స్టిక్కరు గోకి డబ్బాను తలుపు దగ్గర పారేశాడు. ఇట్లాంటి మనిషిని ఏమనాలి? బస్సులో క్యాంపుకు పోతున్నంతసేపూ దేవేందర్ తనను తాను తిట్టుకోని తిట్టు లేదు.

తలుపు దగ్గర డబ్బా లేదు. చెత్త డ్రమ్ముల దగ్గరికి ఉరికి, అయిదు డ్రమ్ములూ కర్రతో కెలికాడు. అటు పోతున్నవాళ్ళు ముక్కు మూసుకుని ఏం పోయిందని అడిగారు. ఉత్త చేతులతో గదిలోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు. కూలబడి ఎదురుగా చూస్తే భూమేశ్ సామాను కనబడింది. రెండు పెద్ద అట్టపెట్టెలు, వాటి మీద ఒక చిన్న పెట్టె. చిన్న పెట్టెకు టేపు మీద టేపు, దాని మీద తాడు. నాలుగు వైపులా నల్ల మార్కర్‌తో అరచేతి పొడుగు ఇంగ్లీషు అక్షరాల్లో భూమేశ్, మెట్‌పల్లి.

ఔను మరి. గల్ఫ్‌లో ఊరికి పోయేవాడి కంట్లో పడ్డ గట్టి డబ్బా చెత్తకుప్ప దాకా ఎందుకు పోతుంది?

"భూమేశూ, ఆ డబ్బా ఇప్పు."

"ఏంది? అన్నా, నీకు పుణ్యముంటది, అండ్ల అమ్మకు మందులున్నయి, సబ్బులున్నయి. టేపు అయిపోయెదాక సుట్టిన!"

"ఇప్పుమంటున్న గదా!"

గొంతులో ఏం వినబడిందో ఏమో, భూమేశ్ గొణుగుతూ కత్తి తెచ్చాడు. సబ్బులు, జండూబాం సీసాలు, బాదం పప్పు పొట్లాలు మంచం మీద కుప్ప పడ్డాయి. టేపు పీకుతుంటే పై అట్ట పొర కూడా లేచొచ్చింది. దేవేందర్ డబ్బాను దీపం కింద పట్టుకుని, అలవాటు కొద్దీ నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఎర్ర ముద్ర. ఆలోచించే పనే లేదు. సానిటైజర్ పోసి రుద్దితే భూమేశ్ పేరు పోలేదు సరికదా, ఊరి పేరంతా అలుక్కుపోయి బొగ్గు మసైంది.

"అన్నా, ఒక్క మాట," అన్నాడు భూమేశ్ సబ్బులు ఏరుకుంటూ. "రేపు రెండింటికి టాక్సీ వస్తది. నువ్వొచ్చినా రాకున్నా నేను ఆగ. ఫ్లైటు పోతె ముదీర్ మళ్ళ సెలవియ్యడు. ఖలాస్."

ఆదివారం గోదాముకు సెలవు. పొద్దున దుకాణం తలుపు తీయకముందే దేవేందర్ దాని మెట్ల మీద ఉన్నాడు. పదింటికి తలుపు తీశారు గానీ ఫర్దీన్ పదకొండింటికి వచ్చాడు, వాపసులు చూసేది అతనేనట. ఆ గంటసేపూ దేవేందర్ గోడ గడియారాన్ని చూసినంత దీక్షగా పెళ్ళిలో కూడా ఎవర్నీ చూసి ఉండడు.

ఫర్దీన్ ల్యాప్‌టాప్ చూశాడు, బాగుంది. వైరు చూశాడు, బిల్లు చూశాడు, బాగున్నాయి. డబ్బా చూసి పకపకా నవ్వాడు. "ఈ భూమేశ్ ఎవరు చాచా?"

దేవేందర్ నవ్వలేదు. "మార్చు బేటా. నల్లది ఇయ్యి, రెండిటికీ పనికొచ్చేది. పైన ఎంతైతే అంత ఇస్త."

"నేను మారుస్తాను. నాకేం పోయింది? కానీ దీన్ని నేను జెబెల్ అలీ పంపాలి కదా, అక్కడ తీసుకోరు. అక్కడ బల్ల దగ్గర ఒకడున్నాడు చాచా, మనిషి కాదు వాడు. గీత కనబడితే చాలు, ఎర్ర ముద్ర. పోయిన రంజాన్‌లో మూలలు నలిగాయని నా పన్నెండు పీసులు వెనక్కి కొట్టాడు. నా కమీషనంతా ఊడ్చుకుపోయింది. వాడి చేతులు పడిపోను!"

దేవేందర్ తన చేతులు చూసుకున్నాడు. ఇంకొకడైతే గమ్మున ఊరుకునేవాడు. అతనికి అబద్ధం ఒక్కసారి ఆడినందుకే రెండు రోజులుగా ఊపిరాడ్డం లేదు. చొక్కా జేబులోంచి గోదాము కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాడు నేనే."

ఫర్దీన్ కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు దేవేందర్. తిట్టలేదు. కుర్చీ లాక్కుని తాపీగా కూర్చున్నాడు. అది తిట్టు కన్నా అన్యాయంగా ఉంది.

"అయితే నువ్వే చెప్పు చాచా. ఈ డబ్బా నీ బల్ల మీదికొస్తే ఏ ముద్ర కొడతావు?"

"ఎర్రది," అన్నాడు దేవేందర్. "ఎర్రదే కొట్టేటోణ్ణి. కానీ పసుపు ముద్ర ఒకటుంది. డబ్బా పాడైనా సరుకు మంచిగుంటే కొట్టొచ్చు. అది రూల్‌లనే ఉంది."

"పసుపు ముద్రా? మూడేళ్ళుగా ఇక్కడున్నాను, నేనెప్పుడూ చూడలేదే."

"నేనెప్పుడూ కొట్టలే."

ఫర్దీన్ కాసేపు పెన్నుతో బల్ల మీద టకటకమని కొట్టాడు. చివరికి కాగితం ముందుకు లాక్కున్నాడు. "సరే, పసుపు మీద నమ్మకం పెట్టుకుని రాస్తున్నాను. కారణం చెప్పు. వాడేవాళ్ళకు నచ్చలేదా?"

"నచ్చిందనే చెప్పింది, బిడ్డ."

"నచ్చితే వాపస్ ఎందుకు? నచ్చిందనే గడి ఇందులో లేదు చాచా. అడిగి చెప్పు."

గడియారం పదకొండూ ముప్పావు చూపిస్తోంది. దేవేందర్ దుకాణం మూలకు పోయి, ఇమో యాప్‌లో కూతురికి కాల్ చేశాడు. అక్కడ హాస్టల్లో మధ్యాహ్నం అన్నాల వేళ, పళ్ళాల చప్పుడు వినబడింది.

"బాపూ? ఏమైంది? ఈ టైముల చేసినవ్?"

"ఏం కాలే బిడ్డా. ఆ ల్యాప్‌టాప్, నీకు నచ్చిందా?"

"మంచిగున్నది బాపు. చెప్పిన గదా."

"నేను నీకు అబద్ధం చెప్పిన. నువ్వు చెప్పినయి అయిపోలే. దుకాణంల ఉండంగనే నేను అది కొనలే."

మాలతి మెల్లగా అంది. "నాకెరుకే బాపు."

"ఎట్లెరుక?"

"నువ్వు పంపిన ఫోటోల ఎనుక కనబడ్డయి. నల్లయి ఆరు, వరసగ పెట్టున్నయి."

దేవేందర్ తల తిప్పి చూశాడు. ఫర్దీన్ వెనక అరలో ఉన్నాయి, ఆరూ ఉన్నాయి. వాటిని చూసే పిల్ల ఆ రెండు గుండెకాయలు పంపింది.

"మరి అప్పుడే ఎందుకనలే?"

"ఎప్పుడన్న అన్ననా బాపూ?" ఆ మాటలో కోపం లేదు, అదే అతనికి భరించరాకుండా ఉంది. "నువ్వు అక్కడ్నుంచి పంపుతవ్. ఒకళ్ళు మోసుకొస్తరు. వాపస్ ఎట్ల పంపుతం? తొమ్మిదో తరగతిల బూట్లు పంపినవ్ యాదికున్నదా? ఒక సైజు చిన్నగ ఉండె. రెండేండ్లు అవే ఏసుకున్న. కాలి గోరు ఊడింది. అమ్మ నీకు చెప్పొద్దన్నది, పరేషాన్ అయితవని."

దేవేందర్‌కి ఆ బూట్లు గుర్తున్నాయి. డబ్బా కూడా గుర్తుంది, ఎక్కడా మరక లేని డబ్బా. మంచిగున్నయి బాపు అని ఆ రోజు కూడా చెప్పింది. పిల్ల గోరు ఊడిపోతుంటే ఇక్కడ తాను ఒక్క రిటర్న్ లేదని గదిలో గొప్పలు పోయాడు. గోడకు చెయ్యి ఆనించాడు.

"బిడ్డా," అన్నాడు. "ఇప్పుడు అడుగుతున్న, నిజం చెప్పు. నేనేమనుకుంటనో చూడకు. నీకిది కావాల్నా, వద్దా?"

"భూమేశ్ కాక ఇయాల్నే పోతుండు గద బాపూ. నీకు మళ్ళ తిప్పలు..."

"కాక ముచ్చట వదిలెయ్. కావాల్నా, వద్దా?"

బల్ల దగ్గర ఫర్దీన్ పెన్ను టకటక ఆగింది.

"వద్దు బాపు," అంది మాలతి. "నాకది వద్దు."

పదకొండేళ్ళలో ఆ పిల్ల నోట వద్దు అన్న మాట వినడం అదే మొదటిసారి. దేవేందర్ బల్ల మీది కాగితం వైపు చూశాడు. "ఎందుకో గూడ చెప్పు బిడ్డా. ఇక్కడ రాసుకుంటరు."

"అండ్ల గేమ్స్ నడవయి." ఇంకొంచెం ధైర్యం తెచ్చుకుంది. "చదువుకోనని కాదు, చదువుకుంట. ఆడుకోవాల్నని గూడ ఉంటది బాపు. ఊకెనే. ఆడుకోవాల్నని."

ఆటకేం పని అని అరవడానికి పాత దేవేందర్ ఒకడు లోపలెక్కడో నోరు తెరవబోయాడు. కాలి గోరు గుర్తొచ్చి వాడు నోరు మూసుకున్నాడు. "మంచిది బిడ్డా. ఆడుకో," అన్నాడు.

ఫర్దీన్‌కి కారణం చెప్పి, పైన పడ్డ డబ్బు కట్టి బయటికొచ్చేసరికి పన్నెండూ పది. చంకలో నల్ల ల్యాప్‌టాప్ ఉంది, దాని డబ్బాను మాత్రం ఫర్దీన్ దగ్గరే దాచమని వదిలేశాడు. భూమేశ్ కంట పడితే ఏమవుతుందో తెలిసిన మనిషి కదా. మెట్రో రైలు ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతూ పోతోంది. ఒంటిగంటప్పుడు మాలతి మళ్ళీ మాట రికార్డు చేసి పంపింది.

"బాపూ, ఇంకోటి చెప్పాల్నా? నువ్వు పంపే ఆ సెంటు వాసనకు అమ్మకు తలకాయ నొస్తది. పెట్టె నిండ సీసాలున్నయి. అమ్మకు చెప్పకు నేను చెప్పిన్నని."

కాసేపటికి ఇంకోటి. పోయినేడు పంపిన గడియారం మూడోరోజే ఆగింది. ఇంకోటి. ఖర్జూరం ఇంట్లో ఎవరూ తినరు. దేవేందర్ బిల్లు వెనక్కి తిప్పి, పక్క సీటు మనిషిని పెన్ను అడిగి, ఒక్కొక్కటీ రాసుకున్నాడు. కళ్ళు గడియారం మీద, చెయ్యి కాగితం మీద. జెబెల్ అలీలో దిగేసరికి ఒకటిన్నర. బస్సు అప్పుడే కదిలిపోయింది. తర్వాతి దాంట్లో కూర్చుని, ఎదురు సీటు వెనక భాగాన్ని చేతులతో తోస్తూ వచ్చాడు, అట్లా తోస్తే బస్సు ముందుకు పోతుందన్నట్టు.

క్యాంపు గేటు దగ్గర టాక్సీ నిలబడి ఉంది. రెండూ పన్నెండు. టాక్సీవాడు యల్లా, యల్లా అని తొందరపెడుతూ హారన్ కొడుతున్నాడు. భూమేశ్ మాత్రం ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. ఆగనన్న మనిషి పన్నెండు నిమిషాలు ఆగాడు.

"తే, తే!" అని ల్యాప్‌టాప్ లాక్కుని, బట్టలో చుట్టి, చేతి సంచిలో పెట్టుకున్నాడు. "హనుమంతుని బొమ్మ అంటియ్యాల్నా వద్దా?"

"నన్నడుగుతవేంది? పిల్లనడుగు" అన్నాడు దేవేందర్.

బుధవారం పదింటికి బల్ల మీదికి ఒక డబ్బా వచ్చింది. నాలుగు వైపులా నల్లటి మసి, మసి లోపల భూమేశ్ పేరు. తెరిస్తే వెండి పలక, వైరు, పుస్తకం, నంబర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. దేవేందర్ డబ్బా తిప్పి, చీటీ అడుగున ఉన్న చిన్న గడి చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాడు గానీ సరిగ్గా అర్థం కాలేదు.

"మాహిరా, ఇదేం రాసిండు చూడు."

మాహిరా వంగి చూసింది. "నాలుగు. తండ్రి అడిగిండు, కూతురు వద్దన్నది." తలెత్తి అతన్ని చూసింది. "ఇట్లాంటిది ఎప్పుడూ రాలే దేవన్నా."

దేవేందర్ సొరుగు లాగి పసుపు ముద్ర తీశాడు. దాని సిరా స్పాంజి ఎండి అట్ట కట్టి ఉంది. సీసాలోంచి నాలుగు చుక్కల నీళ్ళు పోసి, బొటనవేలితో మెత్తబడేదాకా నొక్కుతూ కూర్చున్నాడు.